ఎన్‌కే కణాలకు జన్యు సవరణ: క్యాన్సర్ వైద్యంలో ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది

క్లుప్తంగా: మన రక్తంలోనే తిరుగుతూ క్యాన్సర్ కణాలను పసిగట్టి చంపే తెల్ల రక్తకణాలు ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో వాటిలోని కొన్ని జన్యువులను తీసేసి, మరికొన్నింటిని చేర్చి, ఇంకా గట్టిగా పోరాడేలా తయారు చేస్తున్నారు. రక్త క్యాన్సర్లలో తొలి ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నాయి. గడ్డలుగా వచ్చే క్యాన్సర్లలో తేలాల్సింది చాలా ఉంది. ఇదింకా క్లినికల్ ట్రయల్స్ దశలోనే ఉంది. డబ్బు కట్టి చేయించుకునే చికిత్సగా మారలేదు.

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే రెండు రకాల తిరుగుడు మొదలవుతుంది. ఒకటి, ఫైలు పట్టుకుని విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆస్పత్రుల చుట్టూ. రెండోది ఫోన్‌లో. కీమో, రేడియేషన్ కాకుండా ఇంకేమైనా కొత్తది ఉందా అని వెతికే వాళ్లకు ఈ మధ్య తరచూ ఎదురవుతున్న పేరు ఎన్‌కే సెల్ థెరపీ. వెతికేకొద్దీ అయోమయం పెరుగుతుంది. ఎందుకంటే ఒకే పేరు కింద మూడు వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి.

రోగి రక్తంలోంచో దాత రక్తంలోంచో ఎన్‌కే కణాలను తీసి, ల్యాబ్‌లో సంఖ్య పెంచి, ఏ మార్పూ చేయకుండా తిరిగి ఎక్కించడం మొదటిది. శరీరంలో ఉన్న ఎన్‌కే కణాలనే ఉసిగొల్పే మందులు రెండోది. మూత్రాశయ క్యాన్సర్‌లో ఒక రకానికి 2024 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి పొందిన అన్‌క్టివా అలాంటిదే. ఐఎల్-15 అనే సంకేత ప్రోటీన్‌ను అనుకరించి ఎన్‌కే కణాలనూ, రోగ నిరోధక వ్యవస్థలోని మరో రకమైన టీ కణాలనూ ఉత్తేజపరుస్తుంది. మూడోది జన్యు సవరణ చేసిన ఎన్‌కే కణాలు. పరిశోధకుల ఉత్సాహమంతా దీని మీదే. వార్తలూ దీని గురించే వస్తాయి. కానీ క్లినిక్‌ల ప్రచారంలో ఆ వార్తల బలంతో ముందుకు వచ్చేది చాలాసార్లు మొదటి రకం.

## శత్రువును ఎలా పోల్చుకుంటాయి

ఈ కణాలను 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్ గుర్తించారు. దాదాపు అదే సమయంలో అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందం కూడా విడిగా ఇదే విషయం కనిపెట్టింది. ముందస్తు పరిచయమేమీ లేకుండానే ఈ కణాలు క్యాన్సర్ కణాన్ని చంపేయడం అప్పట్లో వింతగా తోచింది. టీ కణాలు అలా చేయలేవు. వాటికి ముందు శత్రువు ఆనవాలు అందాలి, ఆ ఆనవాలుకు సరిపోయే టీ కణం ఎంపికై సంఖ్య పెంచుకోవాలి. దానికి రోజులు పడుతుంది.

టీ కణానిది ఫొటో పట్టుకుని ఒకే ఒక్క మనిషి కోసం స్టేషనంతా వెతికే పోలీసు పని అనుకుంటే, ఎన్‌కే కణానిది టీసీ పని. ఎవరు, ఏ ఊరు అన్నది అనవసరం, టికెట్ ఉందా లేదా అన్నదే చూస్తుంది. శరీరంలో ఆరోగ్యంగా ఉన్న దాదాపు ప్రతి కణమూ తన పైపొర మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లను ప్రదర్శిస్తుంది. ఎన్‌కే కణం దాన్ని తడిమి చూసి, ఉంటే వదిలేస్తుంది. టీ కణాల కంట పడకుండా ఉండేందుకు చాలా క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్లను తగ్గించుకుంటాయి. సరిగ్గా అక్కడే ఎన్‌కే కణానికి దొరికిపోతాయి. స్వీడన్ శాస్త్రవేత్త క్లాస్ కారే 1980లలో ప్రతిపాదించిన ఈ సూత్రం మీదే నేటి ఎన్‌కే పరిశోధన చాలావరకు నిలబడి ఉంది.

అయితే హెచ్‌ఎల్‌ఏ లేకపోవడం ఒక్కటే చాలదు. ఒత్తిడికి లోనైన కణాలు మైకా, మైక్‌బీ లాంటి ప్రోటీన్లను పైకి తెస్తాయి. వాటిని పట్టుకునే గ్రాహకాలు ఎన్‌కే కణం మీద ఉంటాయి. చంపమని చెప్పే సంకేతాలు, ఆగమని చెప్పే సంకేతాలు రెండూ కలిసి అందుతాయి. ఏ వైపు మొగ్గు ఎక్కువైతే ఆ నిర్ణయం. జన్యు సవరణ అంతా ఈ మొగ్గును మార్చడానికే.

మొగ్గు చంపే వైపు వస్తే ఏం జరుగుతుందో మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్‌కే కణం క్యాన్సర్ కణానికి అతుక్కుంటుంది. లోపల చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న సంచులన్నీ అతుక్కున్న చోటికి చేరి, ఆ ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. వాటిలోని పర్ఫోరిన్ అవతలి కణం పొరకు రంధ్రాలు వేస్తుంది. ఆ దారిన గ్రాంజైమ్‌లు లోపలికి వెళ్లి, కణం తనను తాను కూల్చుకునే ప్రక్రియను మొదలుపెడతాయి. కాసేపటికి క్యాన్సర్ కణం పొర బుడగలు బుడగలుగా ఉబ్బి ముక్కలవుతుంది. ఎన్‌కే కణం విడిపోయి ఇంకో దాని మీదికి వెళ్తుంది. ఒకే కణం వరసగా కొన్నింటిని చంపగలదు.

ఇదేదో దూరపు సంగతి కాదు. లింఫోమా అనే రక్త క్యాన్సర్‌కు గుంటూరులోనూ విజయవాడలోనూ చాలాకాలంగా ఇస్తున్న రిటుక్సిమాబ్ పనిచేసే తీరులో ఎన్‌కే కణాలకు పెద్ద వాటా ఉంది. ఈ మందుకు ప్రపంచంలో మొదటి బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అదే మందుకు ప్రతిని, 2007లో తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీయే. మందు వెళ్లి క్యాన్సర్ కణానికి అంటుకుంటుంది. దాని తోకను ఎన్‌కే కణం మీది సీడీ16 అనే గ్రాహకం పట్టుకుంటుంది. చంపే పని ఎన్‌కే కణానిది.

## అంత శక్తి ఉంటే క్యాన్సర్ ఎందుకు వస్తోంది

రక్తంలోని లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో ఎన్‌కే కణాలు 5 నుంచి 15 శాతం మాత్రమే. వాటి ఆయుష్షు కూడా తక్కువ, చాలావరకు రెండు వారాలకు అటూ ఇటూ. ఇది మొదటి ఇబ్బంది. అసలు చిక్కు క్యాన్సర్ గడ్డ తన చుట్టూ తయారు చేసుకునే వాతావరణంతో వస్తుంది. గడ్డ నుంచి టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ విడుదలై ఎన్‌కే కణాలను మందగింపజేస్తుంది. లోపల ఆక్సిజన్ తక్కువ, లాక్టిక్ ఆమ్లం ఎక్కువ. మైకా, మైక్‌బీ ప్రోటీన్లను గడ్డ కత్తిరించి బయటికి వదిలేస్తుంది. అవి రక్తంలో తేలుతూ ఎన్‌కే గ్రాహకాలను ముందే ఆక్రమించుకుంటాయి. కొన్ని క్యాన్సర్ కణాలు హెచ్‌ఎల్‌ఏ-ఈ అనే రకాన్ని మరీ ఎక్కువగా చూపించి, ఎన్‌కేజీ2ఏ అనే గ్రాహకం ద్వారా ఎన్‌కే కణాన్ని ఆపేస్తాయి.

వీటన్నిటినీ తట్టుకుని పోరాడుతూ ఉన్న కణం కూడా క్రమంగా అలసిపోతుంది. పోషకాలు అందని చోట రోజుల తరబడి పనిచేసే శక్తి దానికి ఉండదు.

## కత్తెర ఎక్కడ పడుతోంది

2012లో జెనిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే బృందాలు క్రిస్పర్-క్యాస్9ను జన్యువులు కత్తిరించే పనిముట్టుగా మలిచాయి. 2020లో వారికి రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. 2023 చివర్లో సికిల్ సెల్ వ్యాధికి క్రిస్పర్ చికిత్స క్యాస్‌జెవీకి బ్రిటన్, అమెరికాల్లో అనుమతి లభించింది. అంటే ఈ పనిముట్టు మనుషుల మీద పనిచేస్తుందా అన్న ప్రశ్న దాటిపోయింది. ఎన్‌కే కణాల విషయంలో ఇప్పుడున్న ప్రశ్న, ఏ జన్యువును కత్తిరించాలి అన్నది.

ఎక్కువగా చర్చకు వచ్చిన లక్ష్యం సిష్ అనే జన్యువు. ఎన్‌కే కణాలు బతకడానికీ చురుగ్గా ఉండడానికీ ఐఎల్-15 కావాలి. ఐఎల్-15 అందిన వెంటనే కణం లోపల సిష్ జన్యువు మేలుకుని, ఆ సంకేతాన్ని అణిచేసే ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. మామూలు పరిస్థితుల్లో ఇది మంచి ఏర్పాటు, రోగ నిరోధక వ్యవస్థ హద్దు దాటకుండా చూస్తుంది. క్యాన్సర్‌తో పోరాటంలో మాత్రం కణాన్ని ముందుగానే చల్లారుస్తుంది. ఈ పాత్రను ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లో ఎలుకల్లో బయటపెట్టారు. తరవాత అమెరికాలోని రెండు వేర్వేరు బృందాలు మనిషి ఎన్‌కే కణాల్లో సిష్‌ను తొలగించి చూశాయి. కణాలు గ్లూకోజ్‌ను మరింత బాగా వాడుకున్నాయి, ఎక్కువ కాలం నిలిచాయి, ఎలుకల్లో క్యాన్సర్‌ను మరింత గట్టిగా అదుపు చేశాయి. గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడ కణానికి కొత్త ఆయుధమేదీ ఇవ్వలేదు. ఉన్న ఆయుధాన్ని ఎక్కువసేపు వాడుకునే ఓపిక ఇచ్చారు. ఎన్‌కే కణాలకు మొదటి నుంచీ ఉన్న కొరత అదే కాబట్టి, జన్యు సవరణ ప్రయోగాల్లో అన్నిటికన్నా విలువైన దారి ఇదేనని చెప్పవచ్చు.

టీజీఎఫ్-బీటాను అందుకునే గ్రాహకం తాలూకు జన్యువును తీసేయడం ఇంకో దారి. గడ్డ ఎంత టీజీఎఫ్-బీటా వదిలినా ఎన్‌కే కణానికి ఆ మాట వినిపించదు. మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా మీద ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో ఇది ఫలితం చూపింది. ఎన్‌కేజీ2ఏను తొలగించే ప్రయత్నాలూ సాగుతున్నాయి.

సీడీ16 విషయంలో చేస్తున్నది వేరు. ఎన్‌కే కణం ఉత్తేజితమైనప్పుడు ఏడామ్17 అనే ఎంజైమ్ సీడీ16ను పైపొర నుంచి తెంపేస్తుంది. దాంతో రిటుక్సిమాబ్ లాంటి మందుల తోకను పట్టుకునే చెయ్యి లేకుండా పోతుంది. ఆ ఎంజైమ్‌కు లొంగని, పట్టు ఎక్కువగా ఉండే సీడీ16ను జన్యు పద్ధతిలో చేర్చిన కణాలు ట్రయల్స్‌లోకి వచ్చాయి. వీటి విలువ మందుతో కలిపి ఇచ్చినప్పుడే తెలుస్తుంది.

మయిలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే డారటుముమాబ్ కథ కూడా ఇలాంటిదే. ఆ మందు సీడీ38 ఉన్న కణాలకు అంటుకుంటుంది. మయిలోమా కణాల మీద సీడీ38 ఉంటుంది, ఎన్‌కే కణాల మీదా ఉంటుంది. ఫలితంగా మందు ఇచ్చాక ఎన్‌కే కణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సీడీ38 జన్యువు తీసేసిన ఎన్‌కే కణాలకు ఆ ప్రమాదం ఉండదు.

ఏ జన్యువు మీద గురిపెట్టాలో ఒక్కొక్కటిగా ఊహించి పరీక్షించే పద్ధతి ఇప్పుడు మారుతోంది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ బృందం మనిషి ఎన్‌కే కణాల్లో దాదాపు అన్ని జన్యువులనూ విడివిడిగా తొలగించి, ఆ కణాలను క్యాన్సర్ కణాలతో పదే పదే తలపడేలా చేసి, ఏవి చివరిదాకా నిలబడ్డాయో చూసింది. 2025లో వెలువడిన ఆ పరిశోధనలో మెడ్12, ఏఆర్‌ఐహెచ్2, సీసీఎన్‌సీ అనే జన్యువులు ముందు వరసలో తేలాయి. వీటిలో మెడ్12, సీసీఎన్‌సీ అంతకు మూడేళ్ల ముందు టీ కణాల మీద చేసిన ఇలాంటి వెతుకులాటలోనూ బయటపడ్డవే. రెండు రకాల కణాల్లో, రెండు విడి ప్రయోగాల్లో ఒకే జన్యువులు తేలడం వల్ల ఆ ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది.

## కత్తిరించడంతో పాటు చేర్చేవి

తొలగింపు సగం పని. రెండో సగం కార్ అనే కృత్రిమ గ్రాహకాన్ని చేర్చడం. దీనివల్ల ఎన్‌కే కణం తన సహజమైన పద్ధతితో పాటు, ఫలానా గుర్తు ఉన్న కణాన్ని ప్రత్యేకంగా వెతకగలుగుతుంది. లింఫోమా, ల్యుకేమియాలకు ఆ గుర్తు సాధారణంగా సీడీ19. చాలా బృందాలు దీంతో పాటు ఐఎల్-15ను తయారు చేసే జన్యువునూ చేరుస్తున్నాయి. అప్పుడు కణం తనకు కావలసిన దన్ను తానే సమకూర్చుకుంటుంది. అదే కణంలో సిష్ కూడా తీసేసి ఉంటే ఆ దన్ను అణిగిపోకుండా ఉంటుంది. ఒకటి చేర్చడం, ఒకటి తీసేయడం ఇలా జంటగా పనిచేస్తాయి.

ఇదంతా చేయడం తేలిక కాదు. వైరస్‌ల దాడిని ఎదుర్కోవడమే ఎన్‌కే కణాల సహజ పని. జన్యువులను లోపలికి మోసుకెళ్లడానికి ల్యాబ్‌లలో వాడేదీ వైరస్‌లనే కాబట్టి అవి సులువుగా లోనికి రానివ్వవు. క్యాస్9 ప్రోటీన్‌నూ దాన్ని దారి చూపించి తీసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏనూ ముందే కలిపి, కణాలతో పాటు చిన్న గొట్టంలో పోసి, క్షణకాలం విద్యుత్ ప్రసరింపజేస్తారు. కణం పొర కాసేపు తెరుచుకుని కత్తెర లోపలికి వెళ్తుంది. ఈ కుదుపుకు కొన్ని కణాలు చనిపోతాయి. మిగిలిన వాటిని పోషక కణాల మధ్య ఉంచి వారాల పాటు పెంచుతారు. తరవాత ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు.

రోగికి ఎక్కించే రోజు ఆ సంచిని వెచ్చటి నీటిలో కరిగించి, వెంటనే సెలైన్ పెట్టినట్టే నరం ద్వారా ఇస్తారు. గడ్డకట్టేటప్పుడు కణాలు పగిలిపోకుండా కలిపే డీఎంఎస్‌ఓ వల్ల ఆ తరవాత రోగి ఊపిరిలోంచి వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. ఎముక మజ్జ మార్పిడి వార్డులో పనిచేసే నర్సులకు ఆ వాసన బాగా పరిచయం.

## కార్-టీతో పోల్చి చూస్తే

మన దేశంలో క్యాన్సర్ కణ చికిత్స అంటే ఇప్పటికి ప్రధానంగా కార్-టీయే, అంటే కార్ గ్రాహకం చేర్చిన టీ కణాలే. అమెరికాలో మొదటి కార్-టీ మందు కిమ్రియాకు 2017లో అనుమతి వచ్చినప్పుడు ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. మొదట్లో దాని ధర సుమారు 40 లక్షల రూపాయలు. అమెరికా ధరలో పదో వంతు. అయినా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒక సాధారణ కుటుంబం ఎకరాలు అమ్ముకుంటే తప్ప సమకూరని మొత్తం.

ఖర్చుకు మూలం తయారీ విధానంలో ఉంది. కార్-టీలో సాధారణంగా రోగి సొంత కణాలే వాడాలి. వేరేవారి టీ కణాలు ఎక్కిస్తే అవి రోగి శరీరాన్నే పరాయిదిగా భావించి దాడి చేస్తాయి. కాబట్టి ఒక్కొక్క రోగికి ఒక్కొక్క తయారీ. రక్తం తీయడం, ల్యాబ్‌కు పంపడం, కణాలను మార్చడం, పెంచడం, పరీక్షించడం, తిరిగి తేవడం. ఇందుకు వారాలు పడతాయి. వేగంగా పెరిగే ల్యుకేమియాలో కొందరికి అంత సమయం ఉండదు. పైగా అప్పటికే పలుమార్లు కీమో తీసుకున్న రోగిలో మంచి టీ కణాలు దొరకడమే కష్టం.

ఎన్‌కే కణాలకు టీ కణాల గ్రాహకం ఉండదు కాబట్టి వేరేవారివి ఎక్కించినా ఆ రకమైన దాడి జరగదు. ఒకరి నుంచి తీసుకున్న కణాలతో చాలామందికి మోతాదులు తయారు చేసి, గడ్డకట్టించి నిల్వ చేసుకోవచ్చు. ఒక బొడ్డుతాడు రక్తం సంచి నుంచి వందకు పైగా మోతాదులు తయారు చేయగలమని ఎండీ ఆండర్సన్ బృందం చెబుతోంది. ఇది గనక నిలబడితే కణ చికిత్స మిగతా మందుల్లాగే ఫ్రీజర్‌లో నిల్వ ఉండి, అవసరమైన రోజున రోగి దగ్గరికి వస్తుంది. ముంబయికో హైదరాబాద్‌కో వెళ్లి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని వారాల పాటు వేచి ఉండాల్సిన అవసరం తగ్గుతుంది. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్, మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్లకు ఇలాంటి చికిత్స చేరే దారి ఏదైనా ఉందంటే అది ఇదే. మైనస్ ఉష్ణోగ్రతల్లో నిల్వ, శిక్షణ పొందిన సిబ్బంది, ఐసీయూ అవసరం అప్పుడూ ఉంటాయి.

భద్రత విషయంలోనూ తేడా ఉంది. కార్-టీ తీసుకున్నవారిలో చాలామందికి సైటోకైన్లనే సంకేత ప్రోటీన్ల ఉప్పెనతో తీవ్ర జ్వరం, బీపీ పడిపోవడం, కొందరికి నరాల సమస్యలు వస్తాయి. కార్-టీ తరవాత అరుదుగా కొందరిలో టీ కణాల క్యాన్సర్ రావడంతో 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందులపై పెద్ద అక్షరాల హెచ్చరిక పెట్టించింది. ఎన్‌కే ట్రయల్స్‌లో సైటోకైన్ల సమస్య ఇప్పటిదాకా చాలా తక్కువగా కనిపించింది.

## మనుషుల్లో ఏం తేలింది

2005లోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, ఏ జన్యు మార్పూ లేని దాత ఎన్‌కే కణాలు ఇచ్చినప్పుడు, పరిస్థితి బాగా విషమించిన ఏఎంఎల్ అనే ల్యుకేమియా ఉన్న 19 మంది రోగుల్లో ఐదుగురికి వ్యాధి పూర్తిగా అదుపులోకి వచ్చింది. ఆ ఫలితం దారి తెరిచింది.

కేటీ రెజ్వానీ నాయకత్వంలో ఎండీ ఆండర్సన్ బృందం బొడ్డుతాడు రక్తం నుంచి చేసిన కార్-ఎన్‌కే కణాలతో 2020లో ప్రచురించిన ఫలితం అసలు మలుపు. 11 మంది లింఫోమా, ల్యుకేమియా రోగుల్లో ఎనిమిది మందికి స్పందన కనిపించింది. ఏడుగురిలో వ్యాధి జాడ లేకుండా పోయింది. ఎవరికీ సైటోకైన్ ఉప్పెన గాని నరాల సమస్య గాని రాలేదు. అయితే స్పందించినవారిలో కొందరికి తరవాత వేరే చికిత్సలు కూడా ఇచ్చారు. అందువల్ల ఆ ఫలితం ఎంతకాలం నిలిచిందో ఒక్క ఎన్‌కే కణాల ఖాతాలో వేయడానికి లేదు.

అదే బృందం 37 మందితో 2024లో ఇచ్చిన నివేదికలో అంకెలు కొంత దిగొచ్చాయి. దాదాపు సగం మందిలో, అంటే 48.6 శాతంలో స్పందన. ఏడాది తరవాత 68 శాతం మంది బతికి ఉన్నారు, వ్యాధి ముదరకుండా ఉన్నవారు 32 శాతం. మళ్లీ మళ్లీ తిరగబెట్టిన క్యాన్సర్లలో ఇది చిన్న విషయం కాదు. కానీ స్పందన వచ్చినవారిలో కొందరికి అది నిలవలేదన్నది కూడా అంకెల్లోనే ఉంది.

ఈ ఫలితాల్లో జన్యువులు చేర్చడం ఉంది గాని, సిష్ లాంటి జన్యువులను తీసేయడం లేదు. క్రిస్పర్‌తో తొలగింపులు చేసిన కణాలు ఆ లోటును పూడుస్తాయా అన్నదే తరవాతి ట్రయల్స్ తేల్చాలి. వార్త చదివేటప్పుడు ఎలుకల్లో వచ్చిన ఫలితమా, మనుషుల్లో వచ్చిందా అన్నది ముందు చూడాల్సింది ఇందుకే.

2023 జనవరిలో ఫేట్ థెరప్యూటిక్స్ అనే అమెరికా కంపెనీ, జాన్సెన్ అనే మందుల కంపెనీతో ఒప్పందం ముగియడంతో, ట్రయల్స్‌లో ఉన్న పలు ఎన్‌కే మందులను పక్కన పెట్టేసింది. కొన్ని సంస్థలు ఇవే కణాలను, రోగ నిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే లూపస్ లాంటి వ్యాధుల వైపు మళ్లించాయి. సైన్స్ ఆగిపోయిందని దీని అర్థం కాదు. పెట్టుబడి మాత్రం ఎక్కువ కాలం నిలిచే ఫలితం కోసం చూస్తోంది.

## దాచబోతే ఇంకో చిక్కు

దాత కణాలు ఎంతకాలం నిలుస్తాయన్నది రోగి శరీరం కూడా నిర్ణయిస్తుంది. రోగి టీ కణాలు వాటిని పరాయివిగా గుర్తించి చంపేస్తాయి. అందుకే ముందు ఫ్లూడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇచ్చి రోగి రోగ నిరోధక కణాలను తగ్గిస్తారు. దానివల్ల ఇన్ఫెక్షన్ల ప్రమాదం ఉంటుంది. ఆ బాధ లేకుండా దాత కణాల నుంచి బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువు తీసేస్తే వాటి మీద హెచ్‌ఎల్‌ఏ కనిపించదు. టీ కణాల నుంచి తప్పించుకుంటాయి. కానీ హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని చంపడమే ఎన్‌కే కణాల పని కదా, ఇప్పుడు రోగి సొంత ఎన్‌కే కణాలు వీటి మీద పడతాయి. దానికి విరుగుడుగా హెచ్‌ఎల్‌ఏ-ఈని తిరిగి చేరుస్తున్నారు. క్యాన్సర్ కణం తప్పించుకోవడానికి వాడే ఎత్తునే ఇక్కడ రక్షణకు వాడుతున్నారన్నమాట.

ఇలా సవరణల సంఖ్య పెరిగేకొద్దీ అనుకోని చోట కత్తెర పడే అవకాశమూ పెరుగుతుంది. ఒకేసారి చాలా చోట్ల డీఎన్‌ఏ తెగితే క్రోమోజోముల ముక్కలు తారుమారుగా అతుక్కోవచ్చు. దీనికి రెండు మార్గాలున్నాయి. డీఎన్‌ఏను పూర్తిగా తెంపకుండా ఒక్క అక్షరాన్ని మార్చే బేస్ ఎడిటింగ్ ఒకటి. 2022లో లండన్‌లో ల్యుకేమియాతో ఉన్న 13 ఏళ్ల అమ్మాయికి ఈ పద్ధతిలో మార్చిన టీ కణాలు ఇచ్చారు. ఏ రకం కణంగానైనా మారగల ఐపీఎస్ మూల కణాలతో మొదలుపెట్టడం రెండోది. సవరణలన్నీ మూల కణంలోనే చేసి, ఒక్క కణాన్ని ఎంచి, దాని డీఎన్‌ఏ మొత్తం పరీక్షించి, సరిగా ఉన్న దాని సంతతి నుంచే ఎన్‌కే కణాలను తయారు చేస్తారు. నాణ్యత విషయంలో ఇది ఎక్కువ భరోసా ఇచ్చే పద్ధతి.

## ఇక్కడి రోగులకు ఏమిటి

మన ప్రాంతంలో క్యాన్సర్ విభాగాలకు ఎక్కువగా వచ్చేది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లతో. ఇవన్నీ గడ్డలు. ఎన్‌కే కణాలకు మంచి ఫలితాలు వచ్చింది రక్త క్యాన్సర్లలో. గడ్డలోకి ఎన్‌కే కణాలు చేరడమే తక్కువ, చేరినా అక్కడి వాతావరణం వాటిని కుంగదీస్తుంది. టీజీఎఫ్-బీటా గ్రాహకం తొలగించిన కణాల మీద ఆశ పెట్టుకున్నది ఇందుకే గాని, ఆ ఆశ మనుషుల్లో నిరూపణ కావాలి. తొలి దశలో దొరికిన నోటి క్యాన్సర్‌కు ఈరోజు సర్జరీ, రేడియేషన్‌ను మించిన దారి లేదు. వాటిని వాయిదా వేసి కణ చికిత్స కోసం ఆగడం ప్రాణం మీదికి తెచ్చే నిర్ణయం.

కాన్పు కోసం వెళ్లిన కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి ఉంది. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెట్టించాలా? ఎన్‌కే వార్తలు ఆ అమ్మకాలకు కొత్త వాదన అయ్యే అవకాశం ఉంది. పైన చెప్పిన ఫలితాలు నిజానికి దీనికి వ్యతిరేకంగా మాట్లాడతాయి. ఆ రోగులకు ఇచ్చింది తమ సొంత బొడ్డుతాడు రక్తం కాదు, ఎవరో తల్లులు బ్యాంకుకు దానం చేసినది. అందులోనూ సేకరించిన 24 గంటల లోపు గడ్డకట్టించిన సంచుల నుంచి వచ్చిన కణాలే మెరుగ్గా పనిచేశాయి. దూరపు ల్యాబ్‌కు కొరియర్‌లో వెళ్లాల్సిన రక్తానికి ఆ గడువు చాలా గట్టిది. డబ్బు తీసుకుని సొంతానికి దాచే పద్ధతిని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫారసు చేయడం లేదు.

ఎన్‌కే చికిత్స ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే అడగాల్సినవి కొన్నే. ఇది అనుమతి పొందిన మందా, ట్రయలా? ట్రయల్ అయితే దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత? 2019 నాటి కొత్త ఔషధ, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం జన్యు చికిత్సలు కొత్త మందుల కిందికే వస్తాయి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి తప్పనిసరి. ట్రయల్‌లో ఇచ్చే ప్రయోగాత్మక మందుకు రోగి దగ్గర లక్షలు తీసుకోవడం పద్ధతి కాదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం చేయించాల్సిన బాధ్యత కూడా నిర్వాహకులదే. ఇచ్చే కణాలకు జన్యు సవరణ జరిగిందా లేదా అన్నది సూటిగా అడగాలి. జరగలేదంటే వార్తల్లో చదివిన ఫలితాలు వాటికి వర్తించవు.

లింఫోమా, ల్యుకేమియా, మయిలోమా తిరగబెట్టినవారికి మాత్రం కార్-టీ గురించి, నడుస్తున్న ట్రయల్స్ గురించి తమ ఆంకాలజిస్టును అడగడం అవసరమే. ట్రయల్ కేంద్రాలు మొదట అడిగేవి పాత కాగితాలు: బయాప్సీ రిపోర్టు, క్యాన్సర్ కణాల మీద ఏ గుర్తులున్నాయో చెప్పే ఐహెచ్‌సీ రిపోర్టు, ఇచ్చిన ప్రతి కీమో మందు పేరు, తేదీ, మోతాదు. ల్యాబ్‌లో ఉండిపోయిన బయాప్సీ మైనపు దిమ్మె కూడా కావలసి వస్తుంది. అడిగితే ల్యాబ్ ఇస్తుంది, డిశ్చార్జ్ సమ్మరీతో పాటు దాన్నీ అప్పుడే తీసుకుని ఇంట్లో ఎండ తగలని చోట భద్రం చేసుకోవచ్చు.